దొడ్డమ్మ కంటికి కందెన

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో "నాది" అన్న మాటకు పెద్దగా చోటుండేది కాదు. ఇంటికి దువ్వెన ఒకటే, పెరట్లో దండెం మీద తువ్వాలు ఒకటే, నూతిపళ్ళెం దగ్గర అరిగిపోయిన సబ్బుబిళ్ళ ఒకటే. కాటుక భరిణె సంగతి చెప్పనే అక్కర్లేదు, పొద్దున్న మామ్మగారి వేలు మునిగిన భరిణెలోనే సాయంత్రం ఉయ్యాల్లో పసిపిల్ల కోసం ఇంకో వేలు మునిగేది. ఎవరైనా ఒక వస్తువు తనకే అని దాచుకుంటే వాళ్ళని "ఒంటిపిల్లి రాకాసి" అని పిలిచి పదిమందిలో నవ్వేవారు. ఇక మందుల విషయానికొస్తే, మండితేనే మందు. కంట్లో నలక పడినా, కన్ను ఎర్రబడినా ఏదో ఒక పసరు పిండేవారు. మనం గెంతులు వేస్తుంటే "చూశావా, పనిచేస్తోంది" అని సంతోషించేవారు. అలాంటి కాలంలో మండని మందు, అందులోనూ ఒక్క మనిషికే చెందిన మందు మా ఇంట్లోకి వస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా. ఆ మందును ఇంటిల్లిపాదికీ పంచిన ఘనత నాది కాబట్టి, ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పుకోవడం మర్యాద.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. ఎస్సెల్సీ పాసై జంగారెడ్డిగూడెంలో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. దొడ్డమ్మ కూతురి పెళ్ళి కుదిరిందనీ, పనులకు సాయంగా ఉంటాననీ అమ్మ నన్ను బస్సెక్కించి తాడేపల్లిగూడెం పంపింది. దొడ్డమ్మ అంటే మా అమ్మకు అక్క. పెదనాన్నగారికి బజారులో ఎండుమిరపకాయల కొట్టు ఉండేది, వీధివైపు కొట్టు, వెనక ఇల్లు. ముందు బస్తా విప్పితే వెనక వంటింట్లో తుమ్ములు మొదలయ్యేవి. (పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ముక్కులు చీదుకుంటూనే కాఫీలు తాగారని పెళ్ళికూతురు, మా అక్క, చెప్పి నవ్వేది.) ఆ ఇంట్లో అందరికీ ఏదో ఒక వేళ కళ్ళ నీళ్ళు కారేవి, ఒక్క దొడ్డమ్మకు తప్ప. ఆవిడకు మిరపఘాటుకు కళ్ళు మండేవి, ఎర్రబడేవి, కానీ చుక్క రాలేది కాదు. మా తాతయ్య పోయినప్పుడు కూడా రెండు రోజులు అన్నం మానేసి గోడకు ఆనుకుని కూర్చుందట గాని, కంట తడి పెట్టలేదట. దాంతో చుట్టాల్లో ఆవిడకు "రాతికళ్ళ మనిషి" అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు విన్నప్పుడల్లా దొడ్డమ్మ తనూ నవ్వేది. ఒక రోజు మాత్రం నాతో కందిపప్పు బాగుచేస్తూ, కళ్ళల్లో ఎప్పుడూ ఇసక పోసినట్టుంటోందని, రెప్ప వేస్తే గరగరమంటోందని చెప్పి, అసలు సంగతి బయటపెట్టింది.

"అప్పగింతల్లో కూడా నాకు ఏడుపు రాకపోతే ఎలాగే? పిల్లని వదిలించుకుంటున్నానని అనుకోరూ, ఆకివీడు వాళ్ళు?"

పెళ్ళికొడుకు వాళ్ళది ఆకివీడు, బట్టల వ్యాపారం. మంచివాళ్ళని పేరు. ఆ మంచివాళ్ళ ముందు రాతికళ్ళతో నిలబడాల్సి వస్తుందని దొడ్డమ్మకు నెల రోజులుగా బెంగ. పెదనాన్నగారితో నేనే మాట్లాడాను. ఆయన మర్నాడే మా ఇద్దర్నీ పాసింజరు బండెక్కించి ఏలూరు పంపారు, అక్కడ ఒక కళ్ళ డాక్టరుగారు ఉన్నారని చెప్పి.

డాక్టరుగారు నెమ్మదైన మనిషి. దొడ్డమ్మ కళ్ళు లైటు పెట్టి చూసి, అద్దుడు కాగితం లాంటి సన్నటి ముక్క ఒకటి కింద రెప్పకు తగిలించి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. కొంతసేపటికి తీసి చూస్తే ఆ ముక్క కొస మాత్రమే తడిసింది. మామూలు కంట్లో అయితే ఇంకా చాలా దూరం తడవాలట. కన్నీళ్ళంటే అందరూ ఏడవడానికే అనుకుంటారని, కానీ బండి ఇరుసుకు కందెన ఎలాగో కంటికి నీళ్ళు అలాగని, ఆ నీళ్ళు ఊరడం తక్కువైతే రెప్ప వేసినప్పుడల్లా ఒరుసుకుంటుందని ఆయన చెప్పారు. వయసుతో కొందరికి అలా జరుగుతుందట. దొడ్డమ్మ అంతా శ్రద్ధగా వింది. చివరికి కొంగు సర్దుకుని అడిగింది.

"అయితే డాక్టరుగారూ, నాకు ఏడుపు రాకపోవడం నా మనసులో లోటు కాదాండీ?"

ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టారు. "కంట్లో లోటమ్మా. మనసు నేను చూసేది కాదు గాని, అదీ బాగానే ఉన్నట్టుంది."

దొడ్డమ్మ ముఖం ఆ క్షణాన ఎలా వెలిగిందో నాకిప్పటికీ గుర్తుంది. తర్వాత కాంపౌండరుగారు చిన్న గాజు సీసాలో మందు పోసి, రబ్బరు బుడిపె ఉన్న గాజు గొట్టం మూతకు బిగించి ఇచ్చారు. ఇది జబ్బు తగ్గించే మందు కాదని, కంటికి తడినిచ్చే చుక్కలేనని, రోజుకు నాలుగు సార్లు వేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. నేను చదువుకున్నదాన్నని తెలిసి నా వైపు తిరిగి ఒక్కొక్కటే వివరించారు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి పైకి చూడమనాలి. కింద రెప్పను మెల్లిగా లాగితే చిన్న సంచిలా అవుతుంది, అందులో ఒక్క చుక్క. తర్వాత కళ్ళు గట్టిగా బిగించకుండా ఊరికే మూసుకుని కాసేపు ఉండాలి. గొట్టం మొన కంటికి గాని, రెప్పవెంట్రుకలకు గాని, వేలికి గాని తగలకూడదు. మూత వెంటనే బిగించాలి. నెల దాటితే మిగిలినా పారెయ్యాలి, ఈలోగా మందు మబ్బుగా మారితే అప్పుడే పారెయ్యాలి. కన్ను నొప్పి పెట్టినా, ఎరుపు ఎక్కువైనా ఆపేసి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు. కాగితం మీద రాసుకుంటావా అని ఆయన అడిగారు. ఎస్సెల్సీలో తెలుగు పద్యాలన్నీ కంఠతా వచ్చినదాన్ని, ఈ పాటి నాకు గుర్తుండవా అనిపించి, అక్కర్లేదండీ అన్నాను. (పద్యాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ రోజు విన్నవాటిలో సగం గూడెం స్టేషను వచ్చేలోపే జారిపోయాయి.)

చుక్కలు వెయ్యడం అనుకున్నంత తేలిక కాలేదు. దొడ్డమ్మను నవారు మంచం మీద పడుకోబెట్టి గొట్టం పైకెత్తగానే ఆవిడ కళ్ళు మూసుకునేది. మొదటి రోజు చుక్క ముక్కు మీద, రెండోది చెవిలో పడ్డాయి. మూడోసారి "అయ్యిందా?" అని నోరు తెరిచేసరికి నోట్లో పడింది. తియ్యగా లేదు, చేదుగా లేదు, దీనికోసమా ఏలూరు దాకా వెళ్ళాం అంది. నాలుగు రోజుల తర్వాత నేనొక ఉపాయం కనిపెట్టాను. గొట్టం మొనను నేరుగా రెప్పవెంట్రుకలకు ఆనించేస్తే చుక్క పక్కకు పోదు. ఎంత తెలివైన పని అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మందు మాత్రం నిజంగా పనిచేసింది. వారం తిరిగేసరికి కళ్ళల్లో వెన్నపూస పెట్టినట్టుందని దొడ్డమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒక సాయంత్రం పెదనాన్నగారు కొట్లోంచి లోపలికి వచ్చి, ఈ మిరపదుమ్ముకు నా కళ్ళూ మండిపోతున్నాయి, నాకూ ఒక చుక్క వెయ్యవే అన్నారు. ఇంటి యజమాని అడిగితే కాదనడం ఎలా? వేశాను. మర్నాడు ఆయన తల్లి మామ్మగారు. ఆ తర్వాత అక్క, చుక్కలు వేసుకుంటే కళ్ళు మెరుస్తాయనీ, పెళ్ళికూతురు కళ్ళు మెరవాలనీ ఆవిడ వాదన. ఆ వెనక వంటావిడ. దొడ్డమ్మ అడ్డుపడుతుందేమో అని చూశాను. ఆవిడకూ డాక్టరుగారి మాట గుర్తున్నట్టే ఉంది గాని, ఒంటిపిల్లి రాకాసి అనిపించుకోవడానికి మనసొప్పలేదు. "వాళ్ళకి వెయ్యవే ముందు, నాది తర్వాత చూద్దాం" అంది. ఆ తర్వాత అన్నది రోజురోజుకూ వెనక్కి జరుగుతూ, పెళ్ళికి వారం ముందు నుంచీ ఆవిడ వంతు రావడమే మానేసింది.

ఇక నా వైభోగం ఏమని చెప్పను. పొద్దున్నే వీధి అరుగు మీద పీట వేసుకుని కూర్చునేదాన్ని. ఇరుగుపొరుగు వాళ్ళు వరసగా తలలు వాల్చేవారు. సీసా మీద కాంపౌండరుగారు అంటించిన ఇంగ్లీషు చీటీని ప్రతివాళ్ళకీ పైకి చదివి వినిపించేదాన్ని. "చుక్కల డాక్టరమ్మ" అని పేరొచ్చింది. ఒక రోజు ఎదురింటి పిన్నిగారు ఒక కన్ను అంటుకుపోయి, పుసి కారుతూ, చింతనిప్పులా వచ్చింది. పొద్దున లేస్తూనే గుచ్చుతోందే, ఒక చుక్క వెయ్యి అంది. రెండు చుక్కలు వేశాను, గొట్టం మొన బాగా ఆనించి మరీ. ఆవిడ లేవగానే ఆ పీట మీద అక్క కూర్చుంది. అక్క తర్వాత పెదనాన్నగారు. ఆ తర్వాత మామ్మగారు.

పెళ్ళి రెండు రోజులుందనగా అక్క నిద్రలేచి కళ్ళు తెరవలేకపోయింది. మధ్యాహ్నానికి పెదనాన్నగారు, సాయంత్రానికి మామ్మగారు, వంటావిడ, పక్కింటి ఇద్దరు. కళ్ళకలక అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎలా వచ్చిందో మాత్రం ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప. నాకు ఆ రోజు మధ్యాహ్నం మంచినీళ్ళు తాగుతుండగా డాక్టరుగారి మాట, ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదన్నది, చెవి దగ్గర చెప్పినంత స్పష్టంగా గుర్తొచ్చింది. గ్లాసు అక్కడే పెట్టేశాను. సీసా తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక దాచేశాను. చెప్పడానికి ధైర్యం చాలలేదు. దేవుడు నా కళ్ళను వదిలేశాడు, నా వంతు ఎవరూ వెయ్యలేదు కాబట్టి. దొడ్డమ్మా అలాగే బతికిపోయింది.

పెదనాన్నగారు, మామ్మగారు కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. కళ్ళకలక అని తెలిస్తే ఆకివీడు వాళ్ళు ముహూర్తం వాయిదా వేస్తారు, అపశకునం అంటారు. కాబట్టి ఎవరైనా అడిగితే, అమ్మాయి వెళ్ళిపోతోందని బెంగగా ఉందండీ అని చెప్పాలి. కలక వచ్చినవాళ్ళంతా పసుపుగుడ్డలు చేతిలో పెట్టుకుని సిద్ధమయ్యారు.

పెళ్ళివారు ముందు రోజు పొద్దున్నే బస్సులో దిగారు. ఎదురుకోలుకు మా వాళ్ళంతా వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరి కళ్ళ వెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. పెదనాన్నగారు వియ్యంకుడిగారి మీద పన్నీరు చల్లుతూ భుజం గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నారు. మామ్మగారు హారతి పళ్ళెం పట్టుకుని ముక్కు ఎగబీల్చారు. బాజాలు మోగుతున్నాయి గాని, మిగతాదంతా చూస్తే ఇంకేదో ఊరేగింపు అనుకోవాలి. ఏమైందండీ అని వాళ్ళు అడిగితే, బెంగండీ, బెంగండీ అని ఇటునుంచి జవాబు. గదిలో పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళిన ఆడవాళ్ళకు అక్క తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. ఇంత దుఃఖం మధ్య పొడికళ్ళతో, పనులు పురమాయిస్తూ అటూ ఇటూ తిరుగుతున్న మనిషి కన్నతల్లి ఒక్కతే.

మర్నాడు పదకొండింటికి ముహూర్తం. పొద్దున్న నేను విడిదికి కాఫీ బిందె పట్టించుకుని వెళ్ళాను. విడిది ఒక సత్రం. వసారాలో గ్లాసులు సర్దుతుంటే లోపలి గదిలోంచి వియ్యంకుడిగారు, వియ్యపురాలుగారు మాట్లాడుకోవడం వినిపించింది. చాటుగా వినడం తప్పని తెలుసు, కానీ అక్కడే నిలబడి విన్నాను. నిన్నటి నుంచీ పిల్ల ఏడుపు ఆపలేదని, తండ్రీ మామ్మా కూడా ఏడుస్తున్నారని, ఆ తల్లి కంట మాత్రం చుక్క లేదని ఆవిడ అంటోంది. అంటే ఆ తల్లే పట్టుబట్టి, పిల్లకి ఇష్టం లేని పెళ్ళి చేస్తోందన్నమాట అని ఆయన అన్నారు. తర్వాత ఆయన గొంతు ఇంకా తగ్గింది.

"ఒక పిల్లని ఏడిపించి తెచ్చుకుంటే మనింట్లో ఏం సుఖం ఉంటుందే? ముహూర్తానికి ముందే వాళ్ళతో చెప్పేద్దాం, మాకొద్దని."

కోపంగా అన్నా బాగుండేది. అంత మంచిగా అన్నందుకే నాకు ఎక్కువ భయమేసింది. దొడ్డమ్మ తన కళ్ళ గురించి ఇన్నాళ్ళుగా ఏం భయపడిందో అంతకు పదింతలు జరగబోతోంది, అదీ నా మూలంగా. ఇంటికి పరిగెత్తి పెదనాన్నగారితో చెబుదామా అనుకున్నాను. అంతలోపు వీళ్ళే బయలుదేరితే? గ్లాసు కింద పెట్టి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

"మావయ్యగారూ, వాళ్ళు ఏడవడం లేదండీ. అది కళ్ళకలకండీ. నేనే అంటించానండీ."

ఇద్దరూ నా వైపు చూశారు. వియ్యపురాలుగారు కూర్చోమంది. నేను కూర్చోకుండా మొత్తం చెప్పేశాను, ఏలూరు డాక్టరుగారి దగ్గర మొదలుపెట్టి, చేతులు కడగలేదని, గొట్టం మొన ఆనించానని, ఎదురింటి పిన్నిగారి కంట్లోంచి అక్క కంట్లోకి వెళ్ళానని. మరిచిపోయాననుకున్న జాగ్రత్తలన్నీ, ఏది ఎలా తప్పానో చెబుతుంటే, వరసగా గుర్తొచ్చాయి. దొడ్డమ్మకు కన్నీళ్ళు ఊరవని, అది జబ్బేనని, ఆ సీసా అసలు ఆవిడదేనని, అందరికీ ఇచ్చి ఆవిడే మానేసిందని చెప్పేసరికి నాకే నిజమైన ఏడుపొచ్చేసింది. వియ్యంకుడిగారు నా కళ్ళకేసి అనుమానంగా చూశారు.

"ఇది కలకా, ఏడుపా?"

ఏడుపేనండీ అన్నాను. ఆయన పైపంచె వేసుకుని లేచారు. మా ఇంటికి వచ్చి, పెదనాన్నగారు కంగారుపడి బెంగ గురించి మొదలుపెడుతుంటే, ఉండండి బావగారూ అని ఆపి, నేరుగా అక్క ఉన్న గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా అమ్మా, నిజం చెప్పు, నీ మీద ఎవరూ కోప్పడరు అని అడిగారు. అక్క పసుపుగుడ్డ కళ్ళ మీంచి తీసి, అంటుకుపోయిన రెప్పల్ని కష్టం మీద విప్పి ఆయన్ని చూసింది.

"నాకిష్టమేనండీ. కళ్ళకే ఇష్టం లేదు."

ఆయన నవ్వు కొట్టుదాకా వినిపించింది. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళల్లో తిరిగినవాణ్ణి, కలక మాకు కొత్తా బావగారూ, ముందే ఒక్కమాట చెబితే పోయేదిగా అని పెదనాన్నగారిని మందలించి, తనే మనిషిని పంపి ఊళ్ళో డాక్టరుగారిని పిలిపించారు. ఆయన అందర్నీ చూసి, వేరే మందు రాసి, ఎవరి తువ్వాలు వాళ్ళదే, కళ్ళు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి అని కేకలేశారు. బియ్యం డబ్బా వెనక సీసా నేనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. అందులో మందు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి చూసి, పారబొయ్యమని నా చేతికే ఇచ్చారు. అదే ఎక్కువ శిక్ష.

ముహూర్తం తప్పలేదు. పురోహితుడుగారు మాత్రం మంత్రాలన్నీ నాలుగడుగుల దూరం నుంచే చదివారు. అప్పగింతల వేళ వియ్యపురాలుగారు పట్టుబట్టి అందరి చేతులూ సబ్బుతో కడిగించింది. పాలలో ముంచిన అక్క చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాక, పక్కనున్న దొడ్డమ్మ వైపు తిరిగింది. అందరి కళ్ళూ కారుతున్నాయి, కొన్ని కలకతో, కొన్ని నిజంగా. దొడ్డమ్మ కళ్ళు మాత్రం పొడిగా, ఎర్రగా, రెప్ప వెయ్యకుండా కూతురి మీదే ఉన్నాయి. ఏదో చెప్పబోయింది. వియ్యపురాలుగారు ఆవిడ చెయ్యి కూడా పట్టుకుంది.

"మీరేం చెప్పక్కర్లేదు వదినగారూ. మీ చెయ్యి వణుకుతోంది, నాకు తెలుస్తోంది."

దొడ్డమ్మ ఆవిడ భుజం మీద తల పెట్టేసింది. మా చుట్టాల్లో ఆ తర్వాత రాతికళ్ళ మనిషి అన్న పేరు నేను మళ్ళీ వినలేదు. (మూడో రోజుకు మా కొత్త బావగారి కళ్ళు ఎర్రబడ్డాయి. పెళ్ళాం తెచ్చిన మొదటి కానుక అని ఆయన ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు.)

పెళ్ళి సందడి తగ్గాక దొడ్డమ్మతో మళ్ళీ ఏలూరు వెళ్ళాను. డాక్టరుగారు కొత్త సీసా చేతికిచ్చే ముందు, జాగ్రత్తలు అప్పజెప్పమన్నారు. ఒక్కటీ తప్పకుండా చెప్పాను. ఇంత బాగా ఎలా గుర్తున్నాయని ఆయన ఆశ్చర్యపోయారు. దొడ్డమ్మ నా తరఫున, పెద్ద పరీక్ష రాసిందండీ అంది.

ఇప్పుడు నా వయసు అప్పటి దొడ్డమ్మ వయసును దాటి చాలా దూరం వచ్చింది. ఏ పనైనా చేసే ముందు నాలుగు సార్లు ఆలోచిస్తాను, ప్రతి చీటీ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదువుతాను, తెలియనిది తెలియదంటాను. అదంతా మంచిదే. అయినా ఒక్కోసారి ఆ అరుగు మీది పిల్ల గుర్తొస్తుంది. తల నిండా నూనె, రెండు జడలు, ఏమీ తెలియకపోయినా ఊరందరి కళ్ళూ బాగుచేసేస్తానన్న ధీమా. దాని చేతులు పట్టుకుని నూతి దగ్గరికి లాక్కెళ్ళి సబ్బుతో రుద్దాలనిపిస్తుంది. ఆ ధీమాలో ఒక్క చుక్క నాకు వెయ్యమని అడగాలనీ అనిపిస్తుంది.